లోపల ఉన్నవారు: ఒకరు

ఏప్రిల్ 14, సోమవారం

కంప్యూటర్లో రాసే ప్రతి ముక్కనూ ఇకనుంచి చదవడానికి ఒకటి వస్తోందట. అందుకే బీరువా అడుగున మిగిలిపోయిన పాత గదుల రిజిస్టరు ఒకటి తీశాను. నీలి అట్ట, గళ్ళ కాగితం. ఇందులో రాసేదీ నేనే, చదివేదీ నేనే.

ఆల్మాటీ నుంచి ఇంకార్ అనే అమ్మాయి వచ్చింది. మా ఆపిల్ గోదాం నడిపే సాఫ్ట్‌వేర్‌కి ఏఐ సహాయకుణ్ణి కలుపుతుంది. పన్నెండు చల్లగదులు, ఎవరిది ఏ షిఫ్టు, ఏ పనిముట్టు ఎవరి చేతిలో ఉంది, ఏ లారీ ఎప్పుడొస్తుంది, అన్నీ అదే చూసుకుని అదే పనులు పురమాయిస్తుందట. మా డైరెక్టరు కైరొల్లా చంటివాడికి గిలక్కాయ దొరికినంత సంబరపడుతున్నాడు.

"మరి నేనేం చెయ్యాలి?" అన్నాను. రికార్డులన్నీ నా చేతి మీదుగా నడిచేవే.

"మీరు హాయిగా టీ తాగండి రైఖాన్ అక్కా. అది అడిగినదానికి జవాబు చెప్తే చాలు," అంది ఇంకార్.

ఎర్మెక్ పోయి ఈ రోజుకి పన్నెండు రోజులు. గదుల మేస్త్రీ. పద్దెనిమిదేళ్ళు నా బల్లకి ఎదురుగా కూర్చున్నాడు. ఏడో గదిలోకి ఒక్కడే వెళ్ళాడు. ఇద్దరు వెళ్ళాలని నియమం. ఒక్కడే వెళ్ళాడు. ప్రాణవాయువు కొలిచే చేతి మీటరు ఆపేసి ఉంది. అందరూ చూశారు. విచారణకి వచ్చినవాళ్ళూ అదే రాసుకున్నారు.

ఏప్రిల్ 16

సహాయకుడు సాఫ్ట్‌వేర్‌లోకి ఎవరో ఒకరి పేరుతో వెళ్ళాలట. అన్ని గదుల మీదా, అన్ని షిఫ్టుల మీదా అధికారం ఉన్న పేరు కావాలి. కొత్త లాగిన్ తెప్పించాలంటే నెల పడుతుంది.

"ఎర్మెక్‌ది ఉందిగా," అన్నాడు కైరొల్లా.

"పోయినాయన పేరు ఇంకా తీసెయ్యలేదా?" ఇంకార్ ఆశ్చర్యపోయింది.

కైరొల్లాకి కోపం వచ్చింది. "నలభై రోజులు నిండకుండా మనిషి పేరు కొట్టేస్తామా? మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరూ లేరా అమ్మాయ్? నలభయ్యో రోజు అన్నం పెట్టి, ప్రార్థన చేయించి, అప్పుడు తీస్తాం."

ఇంకార్ నవ్వి ఊరుకుంది. ఎర్మెక్ లాగిన్‌తోనే కలిపింది. గదుల తీరు తెలియడానికి ఏడేళ్ళుగా ఆయన రోజూ రాసిన నోట్సు మొత్తం దాని ముందు పోసింది. నేను శాలువా కప్పుకున్నాను. ఎండ బాగానే ఉంది.

ఏప్రిల్ 17

పొద్దున ఎనిమిదికి అందరి ఫోన్లూ ఒకేసారి మోగాయి. ఎర్మెక్ ఫోటో, గొర్రెతోలు టోపీ పెట్టుకున్నది. దాని కింద:

"సలాం పిల్లలూ. ఒకటి నుంచి ఆరు గాఢనిద్ర. ఏడు కూడా మళ్ళీ నిద్రే. ఎనిమిది కలతగా ఉంది, చలి అర డిగ్రీ పెంచాను. లోపల ఉన్నవారు: ఒకరు."

ఆయన అలాగే రాసేవాడు. పళ్ళని నిద్రపుచ్చుతాం అనేవాడు. గదిలోంచి ప్రాణవాయువు లాగేసి నూటికి ఒక వంతు ఉంచుతాం, ఆ నిద్రలో ఆపిల్ ఎనిమిది నెలలు చెక్కుచెదరదు. మనిషి తల పెడితే రెండు ఊపిర్లు. వాసన రాదు, దగ్గు రాదు.

కుర్రాళ్ళు నలుగురైదుగురు అలవాటుకొద్దీ "సలాం ఎరెకె" అని జవాబు కొట్టేశారు. పెద్దవాడి పేరు గౌరవంగా పిలిచే పిలుపు అది. తరవాత ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"లోపల ఒకరేమిటి?" అని అడిగాను ఇంకార్‌ని.

"రిజిస్టరులో ఏప్రిల్ రెండు, పది నలభైకి ఎర్మెక్ ఏడో గదిలోకి వెళ్ళినట్టుంది. బయటికి వచ్చినట్టు ఎవరూ రాయలేదు. అందుకని లోపలే ఉన్నాడనుకుంటోంది."

"అయితే వచ్చాడని రాసెయ్."

"రాయబోయాను అక్కా. చేతిలో ఉన్న మీటరు నంబరు అడిగింది, రెండు అని ఇచ్చాను. దాని పరీక్ష కాగితం చూపించమంది. అది లేదు. ఆ కాగితాలు మీ దగ్గరే ఉంటాయటగా, జతచెయ్యండి."

చూస్తానన్నాను.

ఏప్రిల్ 18, శుక్రవారం

ఎర్మెక్ భార్య బల్జాన్ ఏడు షెల్పెక్ రొట్టెలు నూనెలో వేయించి తెచ్చింది. పోయినవాళ్ళ పేరున శుక్రవారం పంచాలిగా. ఇంటి దగ్గర పంచుకోవచ్చు. కాదు, ఇక్కడికే తెస్తుంది.

"మా ఆయన అజాగ్రత్తతో మీ అందరికీ తలవంపులు తెచ్చాడమ్మా. ఏమీ అనుకోకండి," అంది.

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. ఇక్కడ చచ్చినవాడి తప్పు చారెడైంది. నేను రొట్టె తిన్నాను. రెండోది కూడా తిన్నాను, ఆవిడ చూస్తోందని.

ఏప్రిల్ 21

లోపల ఉన్నవారు: ఒకరు.

ఏప్రిల్ 22

ఈసారి అందరికీ కాదు, నా ఒక్కదానికే వచ్చింది.

"రైఖాన్, రెండో మీటరు కాగితం ఎక్కడ పెట్టావు?"

వెతుకుతున్నానని కొట్టాను.

"తొందరేం లేదు. నేనిక్కడే ఉన్నానుగా."

ఫోను బల్ల సొరుగులో పడేశాను. ఇంకార్‌కి చూపిస్తే తేలిగ్గా తీసుకుంది. లారీ డ్రైవర్లకి ఆయన రోజూ రాసిన మాటే అదట, పాత నోట్సులో వందసార్లు ఉందట.

ఏప్రిల్ 24

మా తమ్ముడు దూమాన్‌కి మేస్త్రీ పని ఇచ్చి పది రోజులైంది. నేనే కైరొల్లాని బతిమాలి ఇప్పించాను. ఒక్క గదీ తెరవలేదు వాడు. మీటర్ల కాగితాలు లేవని ఆ ఏఐ అన్ని తలుపులకూ తాళం వేసి కూర్చుంది. గేటు బయట లారీలు.

"అక్కా, ఏడో గది ముందు సలాం చెప్పకుండా ఎవడూ దాటట్లేదు తెలుసా," అన్నాడు నవ్వుతూ. "నేనూ చెప్తున్నాలే. ఎందుకొచ్చిన గొడవ."

కుర్రాళ్ళ భయం చూసి కైరొల్లా ముల్లాని పిలిపించాడు. ఆయన ఏడో గది తలుపు ముందు నిలబడి చదివి వెళ్ళాడు. అరగంటకి అందరికీ సందేశం: "ఈ రోజు సందర్శకులు ఒకరు. తలుపు దాకా వచ్చి వెళ్ళిపోయారు. లోపలికి రాలేదు."

గేటు దగ్గర రాసిన వివరాలే చెప్పింది, ఇంకేం లేదు. ఇంకార్ ఆ మాట మూడుసార్లు చెప్పింది.

ఏప్రిల్ 25

ఒకసారి రాసి పారేస్తే పోతుంది.

చేతి మీటర్లు నాలుగున్నాయి. ఏటా జనవరిలో పట్నంలో పరీక్షకి పంపాలి. గది తెరిచి బయటి గాలి పట్టించాక గోడ మీటరు తలుపు దగ్గరి గాలినే చూస్తుంది, పెట్టెల వరసల వెనక సంగతి చేతి మీటరే చెప్పాలి. ఈ జనవరిలో నాలుగు రోజులు మీటర్లు లేకుండా ఉండడానికి వీల్లేకపోయింది. గదులు తెరుస్తున్నాం, లారీలు వరసకట్టాయి, కైరొల్లా అరుస్తున్నాడు. వచ్చే నెల పంపుదాంలే అని, పంపినట్టు, బాగున్నట్టు రాశాను. అందరూ చేసేదే. ఏ గోదాంకైనా వెళ్ళి అడగండి. ఆ వచ్చే నెల మరచిపోయాను.

అయినా మీటరు ఆపేసి ఉంది కదా. ఆపేసిన మీటరుకి పరీక్ష చేయిస్తే ఎంత, చేయించకపోతే ఎంత. ఆయన ఒక్కడే వెళ్ళాడు.

ఏప్రిల్ 28

"రైఖాన్, జనవరి 20న మీటర్లు పంపినట్టు రాశావు. ఆ రోజు గేటు దాటిన సరుకులో మీటర్లు లేవు. ఆ రోజే మీటర్లు వాడి రెండు గదులు తెరిచాను. ఎలా?"

తెరిచాను. అది 'తెరిచాను' అని రాసింది.

ఇంకార్ గదిలోకి పరిగెత్తాను. "ఇది నన్ను దొంగలా నిలదీస్తోందేంటి?"

"దానికి అనుమానాలూ గినుమానాలూ తెలీవక్కా. రెండు రిజిస్టర్లు పక్కపక్కన పెట్టి చూస్తుంది, తేడా ఉంటే అడుగుతుంది. ఎర్మెక్ లాగిన్ కాబట్టి ఆయన చేసిన పనిని నేను అంటోంది. అంతే." నా మొహంలోకి చూసి ఆగింది. "మీరెందుకు అంత కంగారు పడుతున్నారు?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నది నేనే. బిపి అని చెప్పి వచ్చేశాను.

ఏప్రిల్ 30

షిఫ్టులో ఉన్నవాళ్ళ లెక్క చూసి క్యాంటీనుకి భోజనాలు చెప్పేది కూడా అదే. ఇన్నాళ్ళూ వంటావిడ ఒక పళ్ళెం ఎక్కువొస్తోందని విసుక్కుంటూ తనే తినేసింది. ఈ రోజు చీటీలో ఎర్మెక్ పేరు చదువుకుంది. పళ్ళెం తీసుకెళ్ళి ఏడో గది తలుపు ముందు పెట్టి, ఏడుస్తూ వచ్చింది.

మధ్యాహ్నం సందేశం: "ఇరవై ఎనిమిది రోజులుగా విశ్రాంతి లేదు."

మే 2, శుక్రవారం

బల్జాన్ వచ్చింది. రొట్టెలు లేవు. చేతిలో ఫోను ఉంది.

షిఫ్టు దాటి ఎవరైనా ఆగిపోతే ఇంటికి కబురు వెళ్ళే ఏర్పాటు కూడా నిన్న కలిపారట. ఇంకార్‌కి తట్టలేదు, ఎవరికీ తట్టలేదు. ఫోనులో ఇలా ఉంది: "ఎర్మెక్ ఇంకా పనిలోనే ఉన్నారు. రావడం ఆలస్యమవుతుంది."

తిట్టడానికి వచ్చిందనుకున్నాను. తిడితే బాగుండేది.

"చూశానమ్మా రైఖాన్. చూసి, పిచ్చిదాన్ని, లేచి టీ పెట్టాను. నీళ్ళు మరిగాక గుర్తొచ్చింది." కళ్ళు తుడుచుకుంది. "అక్కడ ఉన్నాడని రాసుంటే నేనెలా నిద్రపోను? బయటికి వచ్చేశాడని రాయండమ్మా. నీకు దణ్ణం పెడతాను."

నిజంగానే రెండు చేతులూ పట్టుకుంది. "రాస్తాను వదినా," అన్నాను.

మే 5

రాశాను. నిరుటి పరీక్ష కాగితం తీసి, ఏడాది అంకె మార్చి, స్కాన్ చేసి జతచేశాను. బల్జాన్ కోసమే చేశాను. ఒక ఆడది అలా ఏడుస్తుంటే ఎవరైనా చేస్తారు.

"సంతోషం రైఖాన్. లోపల ఉన్నవారు: ఎవరూ లేరు."

వాకిట్లో కుర్రాళ్ళు చప్పట్లు కొట్టారు. బల్జాన్‌కి ఫోను చేసి చెప్పాను. దూమాన్ నన్ను ఎత్తి తిప్పినంత పని చేశాడు. చాలా రోజులకి హాయిగా అన్నం తిన్నాను.

మే 6

"నాలుగు మీటర్లూ వాడుకకు సిద్ధం. ఏడో గది తెరవవచ్చు. మే 8, ఉదయం పది. లోపలికి వెళ్ళేది: దూమాన్. మీటరు: రెండు. నా తరవాత తనే."

నిరుటి కాగితంలో నాలుగు మీటర్ల నంబర్లూ ఉన్నాయి. చూసుకోలేదు. నిజానికి చూశాను. పనిముట్టుకి కాగితం ఉంటే అది పని పురమాయిస్తుందని ఇంకార్ మొదటిరోజే చెప్పింది.

ఏడో గదే ఎందుకని అడిగితే కైరొల్లా చెప్పాడు. నలభయ్యో రోజు భోజనాలు శనివారం పెట్టుకున్నారు, ఎర్మెక్ చేత్తో నింపిన గదిలోని పళ్ళే వచ్చినవాళ్ళకి పంచాలని బల్జాన్ అడిగిందట.

ఒక్క మీటరైతే ఎలాగో మాయం చేసేదాన్ని. నాలుగు.

మే 7, సెలవు

దూమాన్ పొద్దున్నే వచ్చాడు. మా అమ్మ పోయినప్పుడు వాడికి తొమ్మిదేళ్ళు, నా చేతి ముద్దలు తినే పెరిగాడు. ఇప్పటికీ సెలవైతే ఇక్కడికే వస్తాడు. మాంసం కూర గిన్నె గీకి గీకి తిన్నాడు.

"రేపు నా చేత్తో తెరిచే మొదటి గది అక్కా. మీటర్లు బాగానే ఉన్నాయిగా? నువ్వే చూశావుగా?"

"బాగానే ఉన్నాయి," అన్నాను. నోరు దానంతటదే అంది.

"ఒంటరిగా వెళ్ళన్లే, భయపడకు. మీటరు ఆపేసుకుని వెళ్ళే వెర్రివాణ్ణా నేను?"

వాడు వెళ్ళిపోయాక ఇది రాస్తున్నాను. ఎక్కడా రాయనిది రాస్తున్నాను.

ఆ రోజు ఏడో గదిలోంచి ఎర్మెక్‌ని మోసుకొచ్చారు. అందరూ ఆయన ఛాతీ మీద చేతులు నొక్కుతున్నారు. మీటరు నా కాళ్ళ దగ్గర పడింది. వెలుగుతూనే ఉంది. ఇరవై పాయింట్ తొమ్మిది అని చూపిస్తోంది, బయటి గాలిలో ఉన్నంత. ఆయన్ని చంపిన గాలిలోంచి వచ్చి కూడా అంకె కదల్లేదు. బయటికి వచ్చింది కాబట్టి సరైన అంకే కదా అనుకోవచ్చు. అలా అనుకుందామని చూశాను. కానీ ప్రాణవాయువు తగ్గితే మోగాల్సిన మీటరు గంట గదిలో మోగలేదు. మోగి ఉంటే ఆయన అడుగు వేసేవాడు కాదు. నాకు ఆ క్షణంలోనే అర్థమైంది, జనవరి గుర్తొచ్చింది. వంగి తీశాను. మీట నొక్కాను. ఆపేసింది నేను.

ఆపేసి ఉంది, ఆపేసి ఉంది అని ఈ పుస్తకంలో కూడా రాస్తూ వచ్చాను.

చెప్తే జైలు. చెప్పకపోతే దూమాన్.

మే 8, మధ్యాహ్నం

తొమ్మిదిన్నరకి ఏడో గది తలుపుకి ఆనుకుని నిలబడ్డాను. కైరొల్లా, ఇంకార్, దూమాన్, తలుపు దగ్గర కాపలాకి ఇంకొకడు.

"తెరవద్దు. మీటర్లు పరీక్షకి వెళ్ళలేదు. జనవరిలోనూ దొంగరాతే, మొన్నటి కాగితమూ దొంగదే. రెండూ నేనే చేశాను."

దూమాన్ వెళ్ళి గది గాలి తీసే చిన్న కొళాయికి ప్లాస్టిక్ సంచి తగిలించి నింపాడు. మీటర్లు ఒక్కొక్కటే సంచిలో పెట్టాడు. గోడ మీటరు మీద ఒకటి అని ఉంది, నూటికి ఒక వంతు. నాలుగో మీటరు ఒక్కటే గంట కొట్టింది. మూడు మీటర్లు ఇరవై పాయింట్ తొమ్మిది దగ్గర మొండికేశాయి. రెండో నంబరు మీటరు వాటిలో ఉంది.

"నిన్న నా ఎదురుగా కూచుని బాగున్నాయన్నావే," అన్నాడు దూమాన్. అక్కా అనలేదు. మీటర్లు నేల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

కైరొల్లా నన్ను పక్కకి లాగాడు. "మంచిపని చేశావ్, తమ్ముణ్ణి కాపాడుకున్నావ్. ఇక్కడితో నోరు ముయ్యి. కొత్త మీటర్లు తెప్పిస్తాను. విచారణ ముగిసింది, తవ్వితే గోదాం మూతపడుతుంది, నలభై ఇళ్ళ పొయ్యిలు ఆరతాయి. పోయినాయన ఎలాగూ లేచి రాడు."

ఆ రోజు మీటరు ఆపేసిన సంగతి వాళ్ళకి చెప్పలేదు. అడగలేదు, చెప్పలేదు.

ఇంకార్ పక్కన కూర్చుని దొంగ కాగితం వెనక్కి తీసుకున్నాను. వెంటనే జవాబు వచ్చింది: "సరే రైఖాన్. అయితే నేను లోపలే ఉంటాను."

ఇంకార్ కీబోర్డు మీంచి చేతులు తీసేసింది. ఈ మాట ఏ నోట్సులోంచి తెచ్చిందో చూస్తానని ఏడేళ్ళ రాతలూ వెతికింది. మూడు గంటలు వెతికింది. తరవాత బ్యాగు సర్దుకుని, శనివారం దాకా దాన్ని ఆపేస్తున్నానని చెప్పి వెళ్ళింది. దొరికిందో లేదో చెప్పలేదు.

మే 9

దూమాన్ ఫోను ఎత్తడం లేదు. బతికే ఉన్నాడు. అది చాలు. ఇంకెవరికీ చెప్పనక్కర్లేదు. కైరొల్లా అన్నది నిజమే, నలభై ఇళ్ళు.

చెప్పనక్కర్లేదు.

మే 10, శనివారం

నాలుగు గంటలకి తిరిగొచ్చాను. చెయ్యి ఇంకా నొప్పిగా ఉంది, అయినా ఇప్పుడే రాయాలి.

బల్జాన్ ఇంట్లో నలభయ్యో రోజు. మగవాళ్ళంతా పెద్దగదిలో, ఆడవాళ్ళం పక్కగదిలో. తలుపులు తీసే ఉన్నాయి. ఆపిల్ పళ్ళు సంతలో కొన్నవి. ఏడో గది సంగతి కైరొల్లా ఏదో సర్దిచెప్పినట్టున్నాడు. ప్రార్థన అయ్యాక వాళ్ళ బంధువుల్లో పెద్దాయన అరచేతులు పైకెత్తాడు.

"మంచివాడు. పాపం అజాగ్రత్తపడ్డాడు. దేవుడు ఆ తప్పు మన్నించుగాక."

అందరూ ఆమేన్ అని మొహాలు తడుముకున్నారు. బల్జాన్ టీ పోస్తోంది. గిన్నె నా చేతికిస్తూ, పక్కనున్నవాళ్ళకి వినపడేలా, "అవునమ్మా, మీటరు వేసుకోవాలని కూడా తోచలేదు ఆయనకి. మీ అందరికీ ఎంత కష్టం తెచ్చాడో," అంది. ఇది ఎన్నోసారో. నలభై రోజులుగా ఇంటింటికీ తిరిగి ఆయన తరఫున క్షమాపణ చెప్తోంది.

టీ గిన్నె కింద పెట్టాను.

"వేసుకున్నాడు వదినా," అన్నాను.

"ఏంటమ్మా?"

"మీటరు వెలుగుతోంది. ఆయన పడిపోయాక నేను ఆపేశాను. అది తప్పు చూపించింది. దాన్ని పరీక్షకి పంపకుండా పంపినట్టు రాసింది నేనే."

చెంప పగలగొడుతుందనుకున్నాను. ఆవిడ టీ కూజా మెల్లగా కింద పెట్టింది.

"ఎంత చూపించింది?"

"బయటి గాలి ఎంతో అంత. మనిషి ఊపిరి పీల్చుకోవచ్చని."

"అంటే చూసుకునే వెళ్ళాడు."

"చూసుకునే వెళ్ళాడు."

"మా ఆయన చూసుకునే వెళ్ళాడు," అంది మళ్ళీ, తనలో తను. మొహం ఒక్కసారి వెలిగి, అంతలోనే ముడుచుకుపోయింది. అలాంటి మొహం నేను ఇంతవరకూ చూడలేదు, ఇంకెప్పుడూ చూడాలని లేదు. నా మణికట్టు పట్టుకుంది. గట్టి పట్టు. లాక్కుంటూ మగవాళ్ళ గదిలోకి తీసుకెళ్ళింది. కైరొల్లా సగం లేచాడు. మూల కూర్చున్న దూమాన్ తల ఎత్తాడు.

"ఇక్కడ చెప్పు," అంది.

చెప్పాను. మొదటినుంచీ, జనవరినుంచీ చెప్పాను. పెద్దాయన చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఏమంటోంది ఆ పిల్ల?" అని పక్కవాణ్ణి అడిగాడు.

"ఆయనకి వినపడలేదు," అంది బల్జాన్. నా చెయ్యి వదల్లేదు. "మళ్ళీ చెప్పు. గట్టిగా చెప్పు."

నేను మళ్ళీ, గట్టిగా చెప్పాను.